కోరుట్ల నుంచి మాచునూర్ రేడియో దాకా

కోరుట్లలో నేను విన్న రేడియో అంతా బయటి నుంచి వచ్చిందే. హైదరాబాద్ కేంద్రం, వివిధ భారతి, రాత్రి పూట గరగరల మధ్య సిలోన్. బీడీలు చేసే ఇళ్లల్లో అది పొద్దంతా మోగేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. రెండు చేతులకూ, కళ్లకూ పనే. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. అందుకే రేడియోను బీడీలు చేసే ఆడవాళ్లు విన్నంతగా ఇంకెవరూ వినలేదని నా నమ్మకం. జనరంజని పాటలైతే సరే, సంక్షిప్త శబ్ద చిత్రం వచ్చే రోజున పక్కింటివాళ్లు కూడా చాటలు పట్టుకొని వచ్చి కూర్చునేవాళ్లు. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపిస్తే, ఆమె ఎప్పుడూ చూడని ఊరిలో, ఆమెను ఎప్పుడూ చూడని వాళ్లు, సొంత ఆడబిడ్డ మాట్లాడినట్టు మురిసిపోయేవాళ్లు.

ఇన్నేళ్ల వినికిడిలో కోరుట్ల మాట మాత్రం రేడియోలో వినబడలేదు. ‘పోయిండు, అచ్చింది, గట్లనా’ అనే మాట ఎప్పుడైనా వచ్చిందంటే అది నాటకంలో పనివాడి నోటివెంట, నవ్వించడానికి. నవ్వేవాళ్లం కూడా.

ఆ లెక్క ఎక్కడైనా తిరగబడిందా అని చూడాలని ఉండేది. తిరగబడిన చోటు జహీరాబాద్ పక్కన మాచునూర్ అని పేపర్లలో చదివి, ఈ మధ్య బయలుదేరాను.

నిజామాబాద్ దాకా రైలు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్ పోయే ఈ దారి పూర్తిగా కలిసింది 2017లోనే. మా తాతల నాటి నుంచి వస్తుందన్న రైలు మనవళ్లకు అందింది. మెట్‌పల్లి దాటాక రెండు వైపులా పసుపు చేలు, ఆర్మూర్ దగ్గర గుట్టల రాళ్లు. పెట్టెలో సగం మంది చెవుల్లో తీగలు పెట్టుకొని ఎవరి పాట వాళ్లు వింటున్నారు. నా ఎదుటి సీట్లో ఒకాయన మస్కట్‌లో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతూ ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి చేలు చూపిస్తున్నాడు.

ఫోన్లు రాని రోజుల్లో ఈ పని క్యాసెట్ చేసేది. దుబాయి నుంచి వచ్చినవాడు మొదట దించేది టూ-ఇన్-వన్ టేప్ రికార్డరే. వాడు తిరిగి వెళ్లాక ఇంటివాళ్లంతా దాని చుట్టూ కూర్చొని మాటలు నింపి, వెళ్లే వాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. బర్రె ఈనిందని, మామ కాలు విరిగిందని, పిల్ల పెద్దమనిషి అయిందని. మధ్యలో ఏడుపు, వెనకాల కోడి కూత. అక్కడ గదిలో పదిమంది కలిసి వినేవాళ్లట. తరంగాలు లేవు, టవర్ లేదు, ప్రసారం మాత్రం జరిగింది. ఈ క్యాసెట్ల సంగతి మాచునూర్ కథకు అవసరమని అప్పటికి నాకు తట్టలేదు.

నిజామాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది. 103.2 మెగాహెర్ట్జ్. 1990లో మొదలైంది. వరంగల్‌కూ అదే ఏడు వచ్చింది. అంతకుముందే 1986లో ఆదిలాబాద్‌కు వచ్చింది. రాజధాని గొంతు అన్ని జిల్లాలకూ సరిపోదని ఆకాశవాణికి తోచిన కాలం అది. ‘స్థానిక రేడియో’ అని పేరు పెట్టి జిల్లా పట్టణాల్లో ఎఫ్ఎం కేంద్రాలు తెరిచారు. ఆదిలాబాద్‌లో గోండి కార్యక్రమాలు వచ్చాయి. అది చిన్న విషయం కాదు. అయినా ఉద్యోగులు బదిలీ మీద వచ్చేవాళ్లు, పద్ధతి ఢిల్లీ పద్ధతి, ప్రసంగానికి ముందు రాతప్రతి ఇవ్వాలి. వ్యవసాయ కార్యక్రమానికి పిలిచిన రైతు మైకు ముందు కూర్చోగానే ‘నేను విత్తనశుద్ధి చేసి నాటితిని’ అన్నట్టు మాట్లాడేవాడు. ఇంటికొచ్చి అదే సంగతి భార్యకు ఎంత బాగా చెప్పేవాడో! స్టూడియో గోడలకు బయటి చప్పుడు లోపలికి రానివ్వని గుణం ఉంటుంది కదా, మాండలికం కూడా ఆ చప్పుళ్లలోనే పోయింది.

నిజామాబాద్ నుంచి బస్సు బోధన్ మీదుగా పోయింది. 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పేరుమోసిన ఫ్యాక్టరీ, 2015 చివర మూతపడింది. దానితోపాటే మా కోరుట్ల పక్కనున్న ముత్యంపేట ఫ్యాక్టరీ కూడా. నిజాం కాలంలో మొదలైన వాటిలో రేడియో కూడా ఒకటని చాలామందికి గుర్తుండదు. హైదరాబాద్‌లో 1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా 200 వాట్ల కేంద్రం ఒకటి నడిపారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని దక్కన్ రేడియో చేసింది. ఎక్కువ భాగం ఉర్దూ, మిగిలినదాంట్లో తెలుగు, మరాఠీ, కన్నడాలకు వాటాలు. 1948 సెప్టెంబరు 17న లొంగుబాటు ప్రకటన జనానికి చేరింది ఆ రేడియోలోనే. 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో కలిసింది. అంటే హైదరాబాద్ రేడియో ఒక మనిషి ముచ్చటగా పుట్టి, రాజుదై, తర్వాత సర్కారుదైంది. వినేవాళ్లది ఎన్నడూ కాలేదు. వినాలంటే కూడా పోస్టాఫీసులో ఏడాదికింత కట్టి లైసెన్సు తీసుకోవాల్సిన రోజులు 1980ల దాకా నడిచాయి.

పిట్లం దగ్గర బస్సు మారి నారాయణఖేడ్, అక్కడి నుంచి మంజీర దాటి ఝరాసంగం వైపు. కేతకీ సంగమేశ్వరుని గుడికి పోయేవాళ్లతో బస్సు నిండిపోయింది. నేల రంగు మారిపోయింది. మా వైపు కాలువ నీళ్లు, వరి, పసుపు. ఇక్కడ ఎర్రటి చెల్క నేలలు, వానను నమ్ముకున్న పంటలు. ఒకే చెల్కలో జొన్న, కంది, అనుము, మధ్యలో పుంటికూర కలిసి ఉన్నాయి. బస్సులో మాటల్లో తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ సమానంగా దొర్లుతున్నాయి. బీదర్ ఇక్కడికి పక్కూరే.

మాచునూర్ చిన్న ఊరు. రేడియో కేంద్రం కూడా చిన్నదే. దగ్గర్లోనే పిల్లల బడి, పచ్చసాలె. కట్టడం కంటే ముందు టవరే కనబడుతుంది. బోర్డు మీద సంఘం రేడియో, 90.4.

ఈ రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వచ్చింది. గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినమని ఐక్యరాజ్యసమితి మొదటిసారి జరిపిన రోజు అది. కానీ కథ అంతకు పదేళ్ల ముందే మొదలైంది.

జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్. అంతకుముందు ఆయన దూరదర్శన్ నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగంలో పాలుపంచుకున్నారు. పైనుంచి కిందికి మాట చేరవేయడంలో అంతకు మించిన ఏర్పాటు ఆనాడు ప్రపంచంలో లేదు. ఆ పని తెలిసిన మనిషి తర్వాత కింది నుంచి మాట ఎట్లా పుడుతుందో చూడటానికి వచ్చి ఈ ఊళ్లలో కూర్చున్నారు. 2023 మార్చిలో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఊరూరా సంఘాలు పెట్టుకున్నది ఎక్కువగా దళిత ఆడవాళ్లు. పడావు పడ్డ భూములు సాగులోకి తెచ్చారు, విత్తనాలు సొంతంగా దాచారు, రేషన్ బియ్యానికి బదులు తాము పండించిన జొన్నలనే తమ ఊళ్లో పంచుకున్నారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టి పాతపంటల జాతర తీస్తారు. ఈ సంఘాల పనికి 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఈ ఆడవాళ్లకు మైకు కావాల్సి వచ్చింది. ఎందుకంటే ఊళ్లోకొచ్చే రేడియో, టీవీ చెప్పేదంతా సంకర విత్తనం, మందుబస్తా, పురుగుమందు. వాళ్లకు తెలిసింది ఇంకోటి. ఏ నేలకు ఏ సామ, ఏ కొర్ర, ఎద్దుకు జబ్బు చేస్తే ఏ ఆకు, పురిటికి ఏ మంత్రసాని. రాసుకోవడానికి చదువు రాదు. చెప్పుకుంటే మాత్రం రోజుల తరబడి చెప్తారు. యునెస్కో సాయంతో 1998 నాటికి స్టూడియో సిద్ధమైంది. మైకులు, రికార్డింగ్ యంత్రాలు, చిన్న ట్రాన్స్‌మిటర్ అన్నీ వచ్చాయి. అనుమతి ఒక్కటే రాలేదు.

అనుమతికి అడ్డం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. రేడియో ఇంకా పుట్టకముందు తంతి కోసం ఇంగ్లీషువాళ్లు చేసిన చట్టం, స్వతంత్రం వచ్చి యాభై ఏళ్లయినా మాచునూర్ ఆడవాళ్ల గొంతును పట్టుకొని ఉంది. దాన్ని కొంత వదులు చేసింది, వింటే నవ్వొస్తుంది, క్రికెట్. 1993 హీరో కప్ మ్యాచుల ప్రసారం ఎవరిదన్న గొడవలో బెంగాల్ క్రికెట్ సంఘం కోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్ ఉన్నారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారుకు గుత్తాధిపత్యం లేదని ఆ తీర్పు సారం. మ్యాచ్ ఎవరు చూపించాలన్న తగాదా అది. ఫలితం దక్కింది కొర్రలు పండించేవాళ్లకు. అదీ వెంటనే కాదు.

2000లో సొసైటీ ఉండే పస్తాపూర్‌లోనే దేశం నలుమూలల నుంచి రేడియో కోరేవాళ్లు కూడి ఒక ప్రకటన చేశారు: సర్కారు రేడియో, వ్యాపార రేడియో పక్కన జనం రేడియో మూడోదిగా ఉండాలని. సర్కారు 2002 చివర కదిలింది కానీ చదువుల సంస్థలకే అన్నది. 2004లో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం వాళ్లది మొదలైంది. యూనివర్సిటీకి ఇచ్చి ఊరికి ఇవ్వకపోవడంలో తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చదువుకున్నవాళ్ల చేతిలో మైకు ఉంటే భయం తక్కువ కాబోలు.

ఈ లోపల ఆగలేని వాళ్లు ఆగలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2002లో స్వయం సహాయక సంఘాల మహిళలు ‘మన రేడియో’ పేరుతో అర వాటు ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. నెలలు తిరక్కుండానే 2003లో అధికారులు మూయించారు. బీహార్‌లోని మన్సూర్‌పూర్‌లో రాఘవ్ అనే కుర్రాడు రిపేరు దుకాణంలో తన చేత్తో తయారుచేసుకున్న కేంద్రాన్ని 2006లో మూసేశారు. పక్క దేశం నేపాల్‌లో రేడియో సగరమాథా 1997 నుంచే నడుస్తోంది. బొలీవియా తగరం గనుల కార్మికులైతే 1940ల చివర నుంచే సొంత రేడియోలు నడుపుకున్నారు. జనస్వామ్యంలో పెద్దన్నగా చెప్పుకునే మనం ఈ విషయంలో చాలా వెనకబడ్డాం.

మరి ఆ పదేళ్లూ మాచునూర్ వాళ్లు ఏం చేశారు? కోరుట్లవాళ్లు దుబాయికి చేసిందే చేశారు. మాట్లాడారు, టేపు నింపారు, చేతికిచ్చి పంపారు. స్టూడియోలో రికార్డు చేసిన టేపును సంఘం సమావేశాలకు తీసుకుపోయి, ఆడవాళ్లను కూర్చోబెట్టి వినిపించేవాళ్లు. వాళ్లు అక్కడికక్కడే తప్పు పట్టేవాళ్లు, కొత్త సంగతి కలిపేవాళ్లు, అదీ రికార్డయ్యేది. వందల గంటలు అట్లా పోగుపడ్డాయి. పనికి మాలిన ఎదురుచూపు అని అనుకున్నాను గాని, నా మాట నేను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వినేవాళ్లు ఎదురుగా కూర్చొని, వెంటనే జవాబిచ్చే రేడియో ఏ పెద్ద కేంద్రానికి దొరికింది? ప్రసారం మొదలయ్యేసరికి వీళ్ల దగ్గర గొంతులూ ఉన్నాయి, చెవులూ ఉన్నాయి, పదేళ్ల అలవాటూ ఉంది.

2006 నవంబరులో విధానం మారి స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరుచుకుంది. 2008లో సంఘం రేడియో లాంఛనంగా మొదలైన రోజున ప్రారంభించడానికి వచ్చింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. గ్రామీణ మహిళలే నడిపే జనం రేడియో దేశంలో ఇది మొదటిది. నడిపిన ఇద్దరి పేర్లు రేడియో చరిత్రలో ఉండిపోతాయి: ‘జనరల్’ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ ఈ ప్రాంతపు దళిత కుటుంబాల బిడ్డలే. రికార్డు చేయడం, కోసి అతకడం, మీటలు నొక్కడం అన్నీ వీళ్లే.

ప్రసారం సాయంత్రం 7 నుంచి 9 వరకు. ఈ వేళ ఊరికే పెట్టుకున్నది కాదు. కూలి నుంచి వచ్చి, పొయ్యి ముట్టించి, రొట్టె చేసుకునే వేళ అది. మళ్లీ చేతులకు పని, చెవులు ఖాళీ. లైసెన్సు ప్రకారం 100 వాట్లు, టవర్ 30 మీటర్లు మించకూడదు. చుట్టూ పాతిక కిలోమీటర్ల లోపే వినబడుతుంది. ఆ కొలత తక్కువేనని ముందు అనిపిస్తుంది. కానీ అది దాటితే మాట మారుతుంది, పంట మారుతుంది, ఆ రేడియోతో పనే ఉండదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ కూడా 90.4 మీదే, భీమవరంలో రేడియో విష్ణు కూడా 90.4 మీదే. ఒకరి మాట ఒకరి మీద పడదు. అందరికీ చోటుంది.

నేను వెళ్లిన సాయంత్రం కొంతసేపు బయట అరుగు మీద కూర్చొని విన్నాను. ముందు పాట, తర్వాత రెండు గొంతుల మాటామంతీ. తైదలు ఎన్ని తీర్ల వండుకోవచ్చో ఒకామె చెప్తుంటే ఇంకొకామె అడ్డుపడి ‘గట్ల గాదు’ అంటోంది. ఎవరూ దాన్ని కత్తిరించలేదు. ‘గట్ల గాదు’ అన్న మాట రేడియోలో నవ్వు కోసం కాక, నిజంగా కాదని చెప్పడానికి వాడగా విన్నది అప్పుడే.

ఈ సంఘాల్లోనే కొందరు ఆడవాళ్లు సినిమాలు తీస్తారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే దాన్ని పటేల్ షాట్ అంటారు. మనిషి కళ్ల ఎత్తులో సమానంగా చూస్తే సంఘం షాట్. రేడియోలో కూడా ఈ తేడా పట్టవచ్చు. చెప్పేవాడి గొంతు ఎంత ఎత్తులో నిలబడి మాట్లాడుతోందో చెవికి వెంటనే తెలుస్తుంది. ఆ కొలతతో మా చిన్నప్పటి వ్యవసాయ కార్యక్రమాలు గుర్తు చేసుకుంటే, అన్నీ పటేల్ షాట్లే.

అంతా బాగుందని చెప్పడానికి మాత్రం నేను రాలేదు. జనం రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఊళ్లో బావి తగాదా గురించి, రేషన్ దుకాణం మూసి ఉండటం గురించి చెప్తే అది సమాచారమా, వార్తా? గీత ఎక్కడుందో గీసినవాళ్లకే తెలియాలి. ప్రకటనలకు మొదట్లో గంటకు 5 నిమిషాలే ఇచ్చారు. మందుల కంపెనీ, విత్తనాల కంపెనీ ప్రకటనలు వీళ్లు ఎటూ తీసుకోరు కనుక ఆ అయిదూ ఖాళీయే. ఇక చేతి ఫోన్లు. ఇక్కడి ఇళ్లల్లోనూ పిల్లలు రేడియో పెట్టెను చూసి ఇది పనిచేస్తుందా అని అడుగుతున్నారు. దేశంలో జనం రేడియోలు ఇప్పుడు 500 దాటాయి, వాటిలో సగానికి పైగా స్వచ్ఛంద సంస్థలవే. అయినా ఊరి ఆడవాళ్లవి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. 2023 ఏప్రిల్‌లో ఆకాశవాణి ఒకే రోజున 91 చోట్ల 100 వాట్ల ట్రాన్స్‌మిటర్లు తెరిచింది. అవే 100 వాట్లు. తేడా అల్లా మైకు ఎక్కడుందన్నదే. ట్రాన్స్‌మిటర్ ఊరి పక్కనుండి మైకు వందల కిలోమీటర్ల అవతల ఉంటే, ఆ రేడియో స్థానికమని ఎట్లా అంటాం?

అరుగు మీద నా పక్కన సంఘం సభ్యురాలు ఒకామె కూర్చొని ఉంది. అరవై దాటిన మనిషి. ఏ ఊరని అడిగింది. కోరుట్ల అన్నాను. తెలియదన్నది. బీడీల సంగతి చెప్పాను.

“దినాం ఎన్ని జేస్తరు సార్?”

“చేతివాటం ఉన్నవాళ్లు వెయ్యి దాకా చేస్తరమ్మా.”

“అంత సేపు కూసుంటరా! ముచ్చట్లు శాన ఉంటయి మల్ల.”

మా దగ్గర ఇటువంటి రేడియో లేదని, పెట్టాలంటే మూడేళ్లు పైబడిన రిజిస్టరు సంఘం కావాలని, దరఖాస్తు ఢిల్లీ పోవాలని, అనుమతులకు చాలా కాలం పడుతుందని చెప్పాను. మనసులో అప్పటికే లెక్క వేసుకుంటున్నాను. కోరుట్లలో టవర్ నిలబెట్టి పాతిక కిలోమీటర్ల గీత గీస్తే మెట్‌పల్లి, కథలాపూర్, మేడిపల్లి, రాయికల్, మల్లాపూర్ అన్నీ లోపలే. ఒక పక్క జగిత్యాల అంచు, ఇంకో పక్క గోదావరి. బీడీలు, పసుపు, దుబాయి. వినేవాళ్లకు కొదవ లేదు.

ఆమె నా పర్మిషన్ల జాబితా అంతా విని, అదేదో తనకు బాగా తెలిసిన సంగతే అన్నట్టు తల ఊపింది.

“మాకు పదేండ్లు బట్టింది. మీకెన్నేండ్లయితదో. అప్పటిదాంక టేపులు నింపున్రి” అన్నది. తర్వాత లోపల ఎవరో పిలిస్తే, రొట్టె తినిపోవాలె అని నాకు చెప్పి లేచింది.